నీలగిరి నీళ్ళు, పాలమూరు దారి

"ఏం సదువుతున్నవ్ బిడ్డా?" అని మా ఊళ్ళో ఎవరైనా అడిగినప్పుడు డాక్టరీ అనో, ఇంజనీరింగు అనో చెప్పగలిగినవాళ్ళు అదృష్టవంతులు. ఒక్క మాటతో పని తీరిపోతుంది. నేను చదువుతున్న చదువుకు తెలుగులో పేరే లేదు. ఇంగ్లీషులో దాన్ని కమ్యూనిటీ సేఫ్టీ అంటారు. మా మేనమామ ముప్ఫయ్యేళ్ళు బడిపంతులుగా పనిచేసినవాడు. తెలుగు చెయ్యడం తన హక్కనుకొని, "సామాజిక భద్రత" అని అరుగు మీద కూర్చుని నలుగురికీ ప్రకటించాడు. దాంతో వచ్చింది చిక్కు. సామాజిక భద్రత అంటే మా వైపు పింఛను! మరునాడు తెల్లవారేసరికి ముగ్గురు ముసలమ్మలు ఆధార్ కార్డులు కొంగున ముడివేసుకొని వచ్చి మా వాకిట్లో కూర్చున్నారు. లండను నుంచి పింఛన్లిచ్చే పిల్ల వచ్చిందట!

నేనుండేది లండనులో కాదు, ఇంగ్లాండు మధ్యభాగంలో ఒక మోస్తరు ఊళ్ళో. అయినా మా ఊరివాళ్ళకు ఇంగ్లాండంతా లండనే. వాళ్ళకు నా చదువేమిటో చెప్పడానికి నానా అవస్థ పడ్డాను. ఒక ఊళ్ళో మనుషులు దొంగతనాలకూ, కొట్లాటలకూ, నిప్పుకూ, నీళ్ళకూ, రోడ్డుకూ భయపడకుండా బ్రతకాలంటే ఏం చెయ్యాలి, అది ఎవరి బాధ్యత అన్నదే ఆ చదువు. 1991లో అక్కడ మోర్గన్ అనే ఆయన అధ్యక్షతన ఒక సంఘం నివేదిక ఇచ్చింది. నేరాలను అరికట్టడం పోలీసులొక్కరివల్ల అయ్యే పని కాదు, ఊరంతా కలిసి చెయ్యవలసిన పని అన్నారందులో. 1998లో చట్టం చేసి, పోలీసులూ, పురపాలక సంఘాలూ కలిసి ప్రతి ప్రాంతంలోనూ ఒక భాగస్వామ్య సంఘం నడపాలని నిర్బంధించారు. ఆ సంఘాల్లో పనిచేసేవాళ్ళ కోసం పుట్టిన చదువులలో నాదొకటి.

"అంటే మన ఊరి సుంకరి, నీరటి, తలారి చేసే పనేనా?" అన్నాడు మామ.

నవ్వొచ్చింది కాని, ఆలోచిస్తే అందులో తప్పేమీ కనబడలేదు.

ఈ చదువులో విదేశీ విద్యార్థుల సంగతి కొంచెం చెప్పాలి. ఇంటిల్లిపాదీ చదివే పత్రిక కనుక, పిల్లల్ని పంపాలనుకునే తలిదండ్రులకు పనికిరావచ్చు. అక్కడివాళ్ళు కట్టే ఫీజుకూ మేము కట్టే ఫీజుకూ హస్తిమశకాంతరం. తరగతులు జరిగే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పనిచెయ్యరాదు. 2024 జనవరి నుంచి ఇటువంటి కోర్సులకు వెళ్ళేవాళ్ళు భార్యనో భర్తనో వెంట తీసుకుపోవడానికి లేదు. వీటన్నిటికంటె నన్ను కుంగదీసిన సంగతి మరొకటి. ఆ దేశంలో పోలీసు ఉద్యోగం కావాలంటే అక్కడ స్థిరంగా ఉండిపోయే అనుమతి ఉండాలి. విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్ళకు అది ఎక్కడిది? ఈ ముక్క నేను చేరిన రెండు నెలలకు గాని నాకు తెలియలేదు. ఇల్లు కుదువబెట్టి అప్పు తెచ్చింది మా నాయన. ఆయనకు ఈ సంగతి ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు.

అటువంటి దిగులు రోజుల్లో ఒక వింత జరిగింది. మొదటి తరగతుల్లో ఎవరి ఊరి పేరు వాళ్ళం చెప్పుకున్నాం. నేను నల్లగొండ అన్నాను. ఎవరికీ పట్టలేదు. ఇథియోపియా నుంచి వచ్చిన ఒకాయన మాత్రం తలెత్తి, "నల్లగొండా? అది ఊరి పేరా? మా దగ్గర అది నీళ్ళ బకెట్టు పేరు!" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు మాత్రం అర్థమైంది. 1970ల్లో నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వారు, నీళ్ళలోని ఫ్లోరైడును తీసెయ్యడానికి చవకైన పద్ధతి ఒకటి తయారుచేశారు. పటికా, సున్నమూ, కొంచెం బ్లీచింగు పొడీ కలిపి, బాగా తిప్పి, తేరనిచ్చి, పైనీళ్ళు వంచుకోవడమే. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టారు. అది సముద్రాలు దాటి ఆఫ్రికాకు వెళ్ళింది. ఇథియోపియాలోనూ, టాంజానియాలోనూ మా జిల్లా పేరు అలా బకెట్ల మీద స్థిరపడింది. ఊరి పేరు మామిడిపండుతోనో పట్టుచీరతోనో లోకానికి తెలియడం ఒక అదృష్టం. మాకు జబ్బుతో తెలిసింది.

ఆ వారమే గ్రంథాలయంలో వెదికాను. 1955 నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్లో డాక్టరు సిద్దిఖీ వ్రాసిన వ్యాసం దొరికింది. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు జబ్బు మీద! గట్టిపడిన వెన్నెముకల ఎక్స్‌రేలు, వంగిపోయిన మనుషుల వర్ణనలు. పరాయి దేశంలో, వెచ్చని గదిలో కూర్చుని, మా అమ్మమ్మ నడుము గురించి ఇంగ్లీషులో చదువుకున్నాను. అప్పటికి ఆవిడ ఇంకా పసిపిల్ల.

మా అధ్యాపకురాలికి ఈ సంగతి చెబితే, "మరి నీ పరిశోధనా వ్యాసానికి ఇక్కడి వీధిదీపాలు లెక్కపెట్టడం ఎందుకు? నీ ఊరికే వెళ్ళు" అన్నది. అలా 2025 మే నెలలో ఇంటికి వచ్చాను.

*

మే నెలలో నల్లగొండకు ప్రయాణం ఎవరికీ సలహా ఇవ్వను. హైదరాబాదు నుంచి వంద కిలోమీటర్లు. చౌటుప్పల దాటగానే బస్సు కిటికీలోంచి వచ్చే గాలి కుమ్మరివాముకు ఎదురుగా నిలబడ్డట్లు ఉంటుంది. నాకు ఆర్టీసీలో జీరో టికెట్టు. మన ఆడవాళ్ళకు 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కదా! మామ మాత్రం పైసలిచ్చి టికెట్టు కొనుక్కున్నాడు. "సదువుకొన్నది నువ్వు, ఫీజు కట్టేది నేను" అని దారి పొడుగునా అదే హాస్యం.

నల్లగొండ పాతపేరు నీలగిరి. ఊరికి కాపలా కాస్తున్నట్లు రెండు గుట్టలు. ఒకదాని మీద లతీఫ్ సాహెబు దర్గా. ఊరి పక్కనే పానగల్లు. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో రోజంతా శివలింగం వెనుక ఒక స్తంభపు నీడ కదలకుండా నిలబడుతుంది. ఏ స్తంభానిదో తేల్చుకోలేక అందరూ చేతులు ఊపి చూస్తారు. నేనూ ఊపాను. కాని నన్ను కట్టిపడేసింది గుడి కాదు, దాని పక్కనున్న ఉదయసముద్రం. కందూరు చోడుల కాలంనాటి చెరువు. ఇవాళ దానికి నాగార్జునసాగరం వెనుకజలాలను పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తిపోసి తెస్తున్నారు. వెనుకటి రాజు వాన నీళ్ళు పట్టాడు, ఇప్పుడు కరెంటుతో కృష్ణను పట్టుకొస్తున్నాం. చెరువు మాత్రం అదే.

అక్కడి నుంచి మర్రిగూడెం వైపు మా అమ్మమ్మగారి ఊరు. ఆ దారి పొడుగునా రాళ్ళు. ఏనుగులు పడుకున్నట్లు, ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు. చూడ్డానికి బాగుంటాయి. ఆ రాయిలోనే ఉంది అసలు విషం. నల్లరాయి లోపలి నీళ్ళలో ఫ్లోరైడు కరుగుతుంది. పైబావులు ఎండి, బోరు ఎంత లోతుకు దింపితే నీరు ఆ రాతితో అంత ఎక్కువకాలం సహవాసం చేసి ఉంటుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదని మన దేశపు ప్రమాణం. దాటినచోట ముందు పిల్లల పళ్ళు పసుపుబారతాయి. తరువాత కీళ్ళు బిగుస్తాయి. ఆ తరువాత నడుము. మొదట దీన్ని కనిపెట్టింది మా దగ్గర కాదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో గుర్తించారు. 1970ల్లో హైదరాబాదు పోషకాహార సంస్థ వారు మా జిల్లాలో మోకాళ్ళు లోపలికి వంగిపోయే పిల్లలను చూచి లోకానికి చెప్పారు.

అమ్మమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఆవిడ నిలబడినా, కూర్చున్నా దాదాపు ఒకటే ఎత్తు. నన్ను చూడాలంటే తల ఎత్తలేదు. ఒళ్ళంతా పక్కకు తిప్పి చూచింది.

"సల్లటి దేశంల ఉండొచ్చినవ్. నీళ్ళు తాగు" అని గోలెం వైపు చూపించింది.

ఆ నీళ్ళిప్పుడు భగీరథ నల్లావి. 2016లో మొదలైన పథకం, నదినీళ్ళను గొట్టాలతో ఊరూరికీ తెచ్చింది. మా ఊళ్ళో నా తరువాత పుట్టిన పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. నేనే స్వయంగా బడికి వెళ్ళి, "నవ్వండర్రా" అని నవ్వించి చూశాను. ఇంతకంటె మంచి సర్వే నేను చేయలేను. కాని పాత ఎముకలు తిరిగి వంపు తీరవు. పైగా గొట్టం పగిలి రెండు రోజులు నల్లా రాకపోతే జనం మళ్ళీ బోరు దగ్గరికే పరుగెత్తుతారు. దాహానికి ప్రమాణాలు తెలియవు కదా.

"అమ్మమ్మా, అప్పట్లో పటిక కలిపే బకెట్టు ఇచ్చిండ్రు గద, అదెక్కడుంది?" అని అడిగాను.

"అగో, జొన్నలు పోసిన" అన్నది.

మూలన ఉంది. అడుగున నల్లా బిరడా ఊడిపోయింది. మా ఇథియోపియా మిత్రుడికి ఫోటో తీసి పంపాను. "మా ఇంట్లో దానిలో బట్టలు నానబెడతారు" అని జవాబు వచ్చింది. రోజూ పటిక తూచి, సున్నం వేసి, పదిహేను నిమిషాలు తిప్పి, గంటసేపు తేరనిచ్చి, అడుగు మడ్డి ఎక్కడో పారబోసి, ఆ తరువాత వంటా, కూలీ! ఆ పద్ధతిలో తప్పు లేదు. కనిపెట్టినవాళ్ళు అన్నీ లెక్కవేశారు, తెల్లవారుజామున కూలికి పోయే ఆడదాని గడియారం ఒక్కటి తప్ప.

*

మరునాడు చింతపల్లి, మల్లేపల్లి, దేవరకొండ మీదుగా దిండికి పోయాం. దిండి చెరువుకట్ట మీద వేయించిన చేపలు తిన్నాం. మామ నియమంగా శనివారాలు మానేస్తాడు. ఆ రోజు శనివారమని నేను గుర్తు చేస్తే, "ప్రయాణంల వారాలు లెక్కలేవు" అన్నాడు. దిండి వాగు దాటితే పాత మహబూబునగరం జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పటి నుంచి ఆ భాగం నాగర్‌కర్నూలు జిల్లా అయింది. పేరు ఏదైనా జనానికి అది పాలమూరే.

మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర నల్లమల మొదలు. రాత్రి తొమ్మిది తర్వాత బండ్లు పోనివ్వరు. పులుల అభయారణ్యం. ఎండాకాలంలో కూడా ఆ అడవిలోకి అడుగుపెట్టగానే ఒంటికి హాయి తెలుస్తుంది. ఘాటు దారిలో కోతులు ఒళ్ళో పిల్లల్ని పెట్టుకొని రోడ్డు మీదనే కచేరీ తీరుస్తాయి. మామూలుగా అందరూ ఈ దారిన శ్రీశైలం పోతారు. మేము దోమలపెంట దగ్గర ఆగాము.

అక్కడ ఆగిన కారణం ఇది. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీటిని మోటార్లతో ఎత్తిపోసే పని లేకుండా, పల్లానికి తనంతట తాను పారేటట్లు నల్లగొండ మెట్టలకు తేవడానికి, ఈ అడవి కింద ఒక సొరంగం తవ్వుతున్నారు. పొడవు సుమారు 44 కిలోమీటర్లు. పైన పులుల అడవి కనుక మధ్యలో ఎక్కడా దారి పెట్టడానికి వీలు లేదు. వెళ్ళినవాడు వెళ్ళిన చివరనుంచే తిరిగి రావాలి. 2025 ఫిబ్రవరి 22వ తేదీ ఉదయం, దాదాపు పద్నాలుగు కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి, బురదా, నీరూ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. చాలామంది పరుగెత్తి బయటపడ్డారు. ఎనిమిదిమంది ఉండిపోయారు. జార్ఖండు వాళ్ళు నలుగురు, ఉత్తరప్రదేశ్ వాళ్ళు ఇద్దరు, పంజాబు నుంచి ఒకరు, జమ్మూ కాశ్మీరు నుంచి ఒకరు.

ఆ వార్త నేను ఇంగ్లాండులో విన్నాను. సైన్యం వచ్చింది. 2023 నవంబరులో ఉత్తరాఖండ్ సొరంగంలో చిక్కుకున్న 41 మందిని పదిహేడు రోజులకు బయటికి తీసిన ఎలుకబొరియల పనివాళ్ళను పిలిపించారు. కేరళ పోలీసుల కుక్కలు వచ్చాయి. మా తరగతిలో ఆ వారం పాఠం ‘ప్రమాదం జరిగినప్పుడు ఎవరు ఎవరికి ఫోను చెయ్యాలి’. బోర్డు మీద బాణం గుర్తులు గీస్తున్నారు. నేను బల్లకింద ఫోనులో దోమలపెంట వార్తలు చూచుకుంటున్నాను. మార్చిలో ఇద్దరి దేహాలు దొరికాయి. ఏప్రిల్ దాకా వెతికినా మిగిలిన ఆరుగురూ దొరకలేదు. ముందుకు పోతే వెతికేవాళ్ళకే ప్రమాదమని నిపుణులు చెప్పగా, వెతకడం ఆపేశారు.

సొరంగం వైపు మట్టిదారి దగ్గర కాపలావాళ్ళు మమ్మల్ని ఆపారు. నా విద్యార్థి కార్డు చూపించాను. తిప్పి తిప్పి చూచి, "ఇది ఇంగ్లీషుల ఉంది మేడం. అయినా పోనియ్యం" అన్నాడు వారిలో చిన్నవాడు. ఆయన తప్పేముంది? నిజానికి అక్కడే ఆపడం మంచి భద్రతా పద్ధతి. అదే వ్రాసుకున్నాను.

రోడ్డు పక్క టీకొట్టాయన మాత్రం ఆగకుండా మాట్లాడాడు. "ఆళ్ళు ఈడనే చాయ్ తాగేటోళ్ళు. తెలుగు రాదు. ‘దో చాయ్’ అని వేళ్ళు చూపెట్టేటోళ్ళు. ఒగాయన దినాం ఇంటికి ఈడియో కాల్ చేసి, గీ కోతుల్ని పిల్లలకు చూపెడుతుండె" అన్నాడు. మామకు టీ గొంతు దిగలేదు.

నేను లెక్క చూచుకున్నాను. ఆ సొరంగం పూర్తయితే నీళ్ళు పోయేది మా వైపుకే. మా అమ్మమ్మ గోలెం లోకి రావలసిన నీటి కోసం, భాష రాని ఎనిమిదిమంది అన్నదమ్ములు కొండ కిందకు పోయారు. ఫ్లోరైడు మీద నేను వ్రాసుకున్న నోటుబుక్కు నలభై పేజీలు. అందులో నీళ్ళు తాగేవాళ్ళ భద్రత గురించి అన్నీ ఉన్నాయి. నీళ్ళు తెచ్చేవాళ్ళ భద్రత గురించి ఒక్క పంక్తి లేదు. ఆ సాయంత్రం అచ్చంపేట లాడ్జిలో కూర్చుని నా వ్యాసం పేరు కొట్టివేసి మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.

"ఒకప్పుడు గీ పనికి పోయింది మనోళ్ళే" అన్నాడు మామ. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరం మొదలుకొని దేశంలో ఎన్నో ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోసింది పాలమూరు కూలీలు. మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి, కుటుంబాలకు కుటుంబాలను లారీలో ఎక్కించుకుపోయేవాడు. ఇంటికి ముసలివాళ్ళే కాపలా. ఇప్పుడు పాలమూరు నేలకు జార్ఖండు వాళ్ళు వస్తున్నారు. మరి నేను ఇంగ్లాండు పోయాను. అడ్వాన్సు ఇచ్చింది మేస్త్రీ కాదు, బ్యాంకు. అంతే తేడా అని మామ అన్నాడు. నాకు కోపం వచ్చిన మాట నిజమే. జవాబు మాత్రం దొరకలేదు.

*

మహబూబునగరంలో అందరూ చూచే పిల్లలమర్రిని మేమూ చూచాం. ఏడువందల ఏళ్ళ చెట్టు, మూడెకరాల నీడ. 2017 డిసెంబరులో దాని కొమ్మ ఒకటి విరిగిపడింది. చూస్తే లోపలంతా చెదలు. అప్పుడు మనుషులకు పెట్టినట్లే సెలైను సీసాలు కట్టి, సూదులతో చుక్కచుక్కగా మందు ఎక్కించారు. ఏళ్ళ తరబడి సందర్శకులను దగ్గరికి రానివ్వలేదు. చెట్టు బ్రతికింది. ఇప్పుడు దాన్ని కంచె అవతల నుంచే చూడాలి. పిల్లలు ఊడలు పట్టుకు ఊగే రోజులు పోయాయి.

నా చదువుకు పూర్వీకుడొకడు ఈ జిల్లాలోనే పుట్టాడన్న సంగతి మామే గుర్తుచేశాడు. హైదరాబాదు నగరానికి 1920 నుంచి 1934 దాకా కొత్వాలుగా ఉన్న రాజబహదూర్ వెంకటరామారెడ్డి. పల్లెల నుంచి వచ్చే పిల్లలు పట్నంలో తలదాచుకొని చదువుకోవడానికి 1918లో రెడ్డి హాస్టలు వెలిసింది ఆయన పూనికతోనే. పోలీసు అధికారికి హాస్టలుతో ఏం పని అనుకుంటాం. ఇంగ్లాండువారు 1991లో కనిపెట్టింది ఇదే కాబోలు అనిపించింది నాకు.

తిరుగు ప్రయాణం 44వ నంబరు జాతీయ రహదారి మీద. దేశాన్ని నిలువునా చీల్చే రోడ్డు. ఇదే రోడ్డు మీద, దక్షిణంగా పాలెం దగ్గర 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బస్సు తగలబడి 45 మంది నిద్రలోనే పోయారు. ఉత్తరంగా షాద్‌నగరు దాటాక ఒక లంబాడీ తండా ఉంది. మగవాళ్ళు ఒకరి తరువాత ఒకరు రోడ్డు దాటుతూ పోయినందున ‘వితంతువుల తండా’ అని పదేళ్ళ క్రితం పత్రికలన్నీ వ్రాశాయి. విదేశాల నుంచి కూడా విలేఖరులు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఆ పేరు నేను మళ్ళీ వ్రాయను. అక్కడి ఆడవాళ్ళకు ఆ పేరంటే విసుగు.

మేము దిగినచోట ఒకామె నెత్తిన మూటతో, చేతిలో కార్డుతో రోడ్డు అంచున నిలబడి ఉంది. నేను కూడా పక్కన నిలబడ్డాను. లారీలు, కార్లు, మళ్ళీ లారీలు. గడియారం చూచాను. ఏడు నిమిషాలు. ఆమె తొందరపడలేదు.

"ఎక్కడికి పోతున్నవమ్మా?" అన్నాడు మామ.

"అవతలికి. పించను కోసం" అన్నది.

నేను మామ వంక చూచాను. మామ నా వంక చూచాడు. సామాజిక భద్రత! ఆయన తెలుగు చేసిన మాటా, నా చదువు పేరూ రెండూ ఆ మనిషి చేతిలోని కార్డులోనూ, కళ్ళెదుటి రోడ్డులోనూ ఉన్నాయి. మామ ఒక్క మాట అనలేదు. అది ఆయనకు చాలా అరుదు.

"నువ్వేం జేస్తవ్ బిడ్డా?" అని ఆమె అడిగింది.

ఈసారి తడుముకోలేదు. "ఇట్లాంటి రోడ్డు మనిషి సావకుండ ఎట్ల దాటాలె, అది ఎవరు చూడాలె అని సదువుతున్న" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి మీద దాకా చూచింది. "దానికి సదువెందుకు? కిందికెళ్ళి ఒక తొవ్వ పెట్టుమను" అన్నది. అంతలో లారీల మధ్య కొంచెం సందు వచ్చింది. ఆమె నా మణికట్టు పట్టుకొని, "ఇగ నడువ్, ఆగకు, ఎనకకు సూడకు" అంటూ నన్ను లాక్కుని మధ్యనున్న గట్టు దాకా తీసుకుపోయింది. మామ ఇవతలే ఉండిపోయి, చేతులు ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. వినబడలేదు. రెండో సగం కోసం మేమిద్దరం గట్టు మీద నిలబడి, మళ్ళీ సందు కోసం చూస్తున్నాం.